మైనస్ నూట తొంభై ఆరు

పంకజాక్షి చావుకు రంగు లేదు, వాసన లేదు, చప్పుడు లేదు.

సోమవారం ఉదయం ఏడున్నరకు ఆమె తిరుపతి శివార్లలోని తన పుట్టగొడుగుల పరిశోధనశాలలో కోల్డ్ రూమ్‌లోకి వెళ్లింది. అప్పటికే ఎవరో ద్రవ నైట్రోజన్ ట్యాంకు వాల్వు పూర్తిగా తిప్పి పెట్టారు. గదిలో ఆక్సిజన్ పోయి నైట్రోజన్ నిండింది. ఆ గాలి పీల్చిన మనిషికి ఊపిరాడని బాధ కూడా తెలియదు. రెండో శ్వాసకు తల తిరుగుతుంది. నాలుగో శ్వాసకు మోకాళ్లు మడతపడతాయి. బయట ఎవరో గడియ పెట్టారు. ఎనిమిదింటికి టెక్నీషియన్ వరదయ్య వచ్చి తలుపు తీసేసరికి ఆమె గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. చేతిలో మూత తీసిన పెన్ను.

దయానంద్ పదింటికి అక్కడికి చేరాడు. మెడలో వేలాడే కార్డు ప్రకారం అతను ఇన్సూరెన్స్ సర్వేయర్. ఏ కార్డులోనూ లేని ఉద్యోగం వేరు. దానికి ముందు నాలుగేళ్లు పశువుల డాక్టరుగా పనిచేశాడు. నొప్పి పడుతున్న ప్రాణి కళ్లలోకి చూడకుండా చేతి పని చేతికి వదిలెయ్యడం అక్కడే నేర్చుకున్నాడు.

ఆ పెన్ను దగ్గర అతని చూపు ఒక్క క్షణం ఆగింది. ఏదో రాయబోయింది. ఏమిటది? ఆ ప్రశ్న లోపల కదలగానే దాన్ని పక్కన పెట్టేశాడు. ఇలాంటివన్నీ తర్వాత తీరిగ్గా తీసి చూసుకోవచ్చనుకుంటాడు. ఇరవై ఏళ్లుగా ఒక్కదాన్నీ తియ్యలేదు.

వరదయ్య జరిగింది వివరించాడు. పోయినవి ఐదు వయల్స్, వేలెడంత ప్లాస్టిక్ గొట్టాలు. వాటిలో ఉన్నది వేసవి-7. నాగలాపురం కొండల్లో దొరికిన అడవి పుట్టగొడుగు నుంచి పంకజాక్షి పదేళ్లు కష్టపడి తీసిన కల్చర్. వేరుశనగ పొట్టు మీద, నలభై రెండు డిగ్రీల ఎండలో, ఏసీ లేని పాకలో కాస్తుంది. దాన్ని గ్లిజరిన్ కలిపి, నెమ్మదిగా చల్లార్చి, నైట్రోజన్‌లో మైనస్ నూట తొంభై ఆరు డిగ్రీల దగ్గర నిద్రపుచ్చింది. అక్కడ కాలం నడవదు. ఎన్నేళ్ల తర్వాత తీసి కరిగించినా మళ్లీ మొలుస్తుంది. హంతకులు ఆ ఐదూ తీసుకుని మిగతా ట్యాంకుల మూతలు తెరిచి వదిలేశారు. మిగిలిన కల్చర్లన్నీ చచ్చిపోయాయి.

కారెక్కగానే కార్డులో లేని ఆ ఉద్యోగపు చీఫ్ ఫోన్ చేశాడు. ఆయన మాటలు ఎప్పుడూ టెలిగ్రామ్‌లా ఉంటాయి.

"గ్లాస్‌హౌస్ రింగ్ పని. యూరప్ కొనుగోలుదారు. వాళ్లకు ఒక్కటే కాపీ కావాలి, అది వాళ్ల దగ్గరే ఉండాలి. మోహన నుంచి మెసేజ్ వచ్చింది. గురువారం నాలుగ్గంటలకు తడలో చేతులు మారుతుంది. తీసుకెళ్లేది మునికుమార్ అనే గోపాలమిత్ర, సత్యవేడు దారిన."

"పట్టుకుంటాను."

"వద్దు. పట్టుకుంటే మళ్లీ వస్తారు. వెతుకుతారు, ఇంకొకరిని చంపుతారు. సరుకు వాళ్ల చేతికి చేరాలి, కానీ చచ్చి చేరాలి. అప్పుడు తప్పు తమలోనే ఉందనుకుని ఒకళ్లనొకళ్లు తింటారు. ఫైలు మూస్తారు. నీ చెయ్యి మాత్రం కనపడకూడదు."

"మోహన?"

"సరుకుకు గ్యారంటీ ఆమెదే. తడలో ఆమెను బయటికి లాగాలనుకుంటే టీ బంకులో నన్నారి షర్బత్ అడుగు. లారీలో మనవాళ్లు ఇద్దరుంటారు. కానీ లాగావంటే ఆట వాళ్లకు తెలిసిపోతుంది. నీ ఇష్టం."

నీ ఇష్టం అన్నప్పుడు చీఫ్ గొంతులో ఎప్పుడూ ఒక రకమైన దయ వినిపిస్తుంది. దయానంద్‌కు ఆయనలో అన్నిటికంటే భయం ఆ దయంటేనే.

మోహన రెండేళ్లుగా ఆ పరిశోధనశాలలో రీసెర్చ్ స్కాలర్. ఆమెను అక్కడ పెట్టింది కల్చర్లు దొంగిలించి అమ్మే ఆ గ్లాస్‌హౌస్ ముఠా. పదకొండు నెలల క్రితం దయానంద్ ఆమెను తన వైపు తిప్పుకున్నాడు. చిత్తూరు పిల్ల, నాలుగు భాషలు, గదిలోకి వస్తే మాటలు ఆగిపోయేంత అందం. ఆమెను తిప్పడానికి వాడిన మాటల్లో ఎన్ని నిజమో అతనికే తెలియదు. తెలుసుకునే పని కూడా తర్వాతకే వాయిదా వేశాడు. సోమవారం ఆ గడియ పెట్టింది ఎవరో ఆమె మెసేజ్‌లో లేదు.

మధ్యాహ్నానికి దయానంద్ సత్యవేడులో ఏకాంబరం ఇంటి ముందున్నాడు. ఏకాంబరం వేరుశనగ రైతు. రెండేళ్ల క్రితం వేసవి-7ను మొదట పండించింది ఇతనే. ఆ పంటను పచ్చబూజు తినేసింది కానీ, పంకజాక్షి అంతకుముందే అతని దగ్గర ఒక గాజు గొట్టం దాచింది. ఆ సంగతి పరిశోధనశాలలో వరదయ్యకు తప్ప ఎవరికీ తెలియదు. గొట్టంలో కల్చర్ పాకించి ఎండబెట్టిన మూడు కాగితపు చీలికలు. తేమ పీల్చడానికి అడుగున వేయించిన బియ్యం. పైన కొవ్వొత్తి మైనంతో సీలు. ఏకాంబరం దాన్ని అటక మీద విత్తనాల డబ్బాలో పెట్టుకున్నాడు.

"నేనే అడిగేదాకా తెరవద్దనింది ఆ యమ్మ," అన్నాడు ఏకాంబరం.

"ఆమే అడగమన్నారు."

"బాగుండాదా?"

"బాగున్నారు," అన్నాడు దయానంద్. అబద్ధం నోట్లోంచి శుభ్రంగా వచ్చింది. నిజం చెబితే ఈ మనిషి ఏడుస్తాడు, పని ఆలస్యమవుతుంది, ఊరికి తెలుస్తుంది. లెక్క సరిపోయింది.

ఏకాంబరం చేతులు కడుక్కుని, దీపం వెలిగించి, ఆ మంట పక్కనే మైనం ఊడదీశాడు. ఒక చీలికను ఉడకబెట్టిన జొన్నల సీసాలో వేసి దూది బిరడా పెట్టాడు. మిగిలిన రెండూ మళ్లీ మూసేశాడు. అంతసేపూ ఊపిరి బిగబట్టే ఉన్నాడు.

"తొమ్మిది దినాలు బడతాదప్పా. ఎండినోటికి నిద్ర జాస్తి. లేస్తాదో లేదో దేవుడికే తెలియల్ల."

గురువారానికి తెలియదు. అంటే ఖాయంగా బతికున్న కల్చర్ లోకంలో ఆ ఐదు వయల్స్‌లోనే ఉంది. అతను చంపాల్సింది దాన్నే. ఎండిన చీలిక లేవకపోతే పంకజాక్షి పదేళ్లకు మిగిలేది ఆ పెన్ను.

ఆ సాయంత్రమే దయానంద్ తన ఆయుధం బయటికి తీశాడు. అది రెండు మిల్లీలీటర్ల ఇంజెక్షన్. చూడి లేని ఆవుకు వేస్తే మూడు రోజుల్లో ఎదకొస్తుంది. కొత్తగా వచ్చిన పశువుల కాంపౌండరునని చెప్పుకుని, సత్యవేడు నుంచి తడ వెళ్లే దారిలో ఒక పల్లెలో, రోడ్డు పక్క ఇళ్లలోని నాలుగు ఆవులకు ఉచితంగా వేశాడు. మాటల్లో మాటగా, గురువారం ఈ దారిన వెళ్లే గోపాలమిత్ర మునికుమార్ దగ్గర పెయ్యదూడలే పుట్టే ఫారిన్ సూది ఉందని ఒక ఇంట్లో వదిలాడు. ఆ ఇల్లు ఆదిలక్ష్మమ్మది. ఆమెకున్నది ఒకే ఆవు. వరుసగా మూడు ఈతలూ కోడెదూడలే.

గోపాలమిత్ర పనేమిటో అతనికి బాగా తెలుసు. బండి వెనక నైట్రోజన్ క్యాన్, అందులో ఆబోతు వీర్యం నింపిన సన్నటి స్ట్రాలు. పల్లెపల్లె తిరిగి ఎదకొచ్చిన ఆవులకు సూది వేస్తాడు. ఎద కొన్ని గంటలే. అరుస్తున్న ఆవును దాటి వెళ్లిన గోపాలమిత్రను మర్నాటి నుంచి ఆ ఊరు పిలవదు. గ్లాస్‌హౌస్ మునికుమార్‌ను ఎంచుకున్నది ఆ క్యాన్ కోసమే. ఆ జిల్లాలో నైట్రోజన్ క్యాన్‌ను ఏ చెక్‌పోస్టులోనూ తెరవరు. మునికుమార్‌కు వాళ్లు చెప్పింది, లోపల ఉన్నది దొంగతనంగా వచ్చిన విదేశీ ఆబోతు సరుకని.

గురువారం ఒంటిగంటన్నర. నలభై ఒక్క డిగ్రీలు. నాలుగు ఆవుల్లో రెండు ఎదకొచ్చాయి. ఆదిలక్ష్మమ్మ ఆవు రోడ్డు మీదికి వినపడేలా అరుస్తోంది. దయానంద్ లుంగీ కట్టుకుని, భుజాన తువ్వాలుతో ఆమె ఇంటి అరుగు మీద కూర్చున్నాడు. మునికుమార్ బండి మలుపు తిరగ్గానే ఆమె రోడ్డుకు అడ్డంగా నిలబడింది.

"నిలబడు మునీ. పొద్దన్నించి అరస్తా ఉండాది. తీగ గూడా ఏసింది, ఎద ముదిరిపోతా ఉండాది."

"తిరిగొచ్చేటప్పుడు ఏస్తాలే అక్కా. తడలో అర్జంటు పని ఉండాది."

"పోయిన తూరి ఇట్నే జెప్పి పోతివి. ఎద ఆరిపోయినాక వచ్చి ఎవురికి ఏస్తావు? ఈసారి నాకు పెయ్యదూడ కావాల. ఫారిన్ సూది ఉండాదంట గదా నీ కాడ."

"ఎవురు జెప్పింది నీకు?"

"ఎవురో ఒకరు. ఉన్నోళ్ల ఆవులకేనా అవి? మా మాదిరోళ్ల ఆవు ఆవు గాదా?"

మునికుమార్ రోడ్డుకు అటూ ఇటూ చూశాడు. దయానంద్ ఆ ముఖాన్ని పుస్తకంలా చదివాడు. ముందు భయం. తర్వాత ఆశ. తన దగ్గర అలాంటి సరుకుందని నలుగురికీ తెలిస్తే వచ్చే గొప్ప. అన్నిటికీ అడుగున, మూసిన డబ్బాను మూడు రోజులుగా మోస్తున్న మనిషి కుతూహలం. బండికి స్టాండు వేసి క్యాన్ మూత తీశాడు. తన డబ్బాను వదిలి, వాళ్లిచ్చిన డబ్బాను కొక్కెం పట్టుకుని పైకి లాగాడు. తెల్లటి పొగ అరుగు మీద పాకింది.

లోపల స్ట్రాలు లేవు. గొట్టాలున్నాయి.

అతను ఐదింటినీ తీసి అరుగు మీద దయానంద్ తువ్వాలు పరిచి పేర్చాడు. స్ట్రా అయితే దాని మీద ఆబోతు నంబరు ఉంటుంది. ఒక్కొక్క గొట్టాన్నీ తిప్పి తిప్పి చూశాడు. నంబరు లేదు. ఆదిలక్ష్మమ్మ అలవాటు ప్రకారం గోరువెచ్చటి నీళ్ల చెంబు తెచ్చి పక్కన పెట్టింది. అతని చేయి అలవాటు ప్రకారం ఒక గొట్టాన్ని అందులో వేసింది. మిగతావి ఎండలో ఉన్నాయి. దయానంద్ వాటికేసి చూడకుండానే చూస్తున్నాడు. తెల్లటి గడ్డ అంచుల్లో కరిగింది. తర్వాత నడుమ. నీళ్లలోది, ఆ తర్వాత ఇంకో మూడు, మొత్తం నాలుగు గొట్టాలు నీళ్లలా తేటపడ్డాయి. ఐదోది తువ్వాలు మడత నీడలో ఉంది. దాని నడుమ ఇంకా తెల్లటి గింజంత గడ్డ.

అప్పుడు మునికుమార్ ఫోను మోగింది.

ఎక్కడున్నావని అవతలి గొంతు హిందీలో అరిచింది. మునికుమార్ ముఖం పాలిపోయింది. దారిలో ఉన్నానని, వస్తున్నానని తడబడుతూ చెప్పాడు. ఫోను పెట్టి గొట్టాలకోసం తిరిగేసరికి దయానంద్ తువ్వాలు సర్దినట్టు చేశాడు. ఐదో గొట్టం అతని పిడికిట్లోకి వెళ్లింది.

మునికుమార్ లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు.

"నాలుగే ఉండాయే. ఇంగోటి యాడ బోయింది?"

ముగ్గురూ వెతికారు. ఆదిలక్ష్మమ్మ చీపురుతో అరుగు కింద తడిమింది. మునికుమార్ మోకాళ్ల మీద పడి గడ్డివాము దాకా పాకాడు. దయానంద్ కూడా వంగి వెతికాడు, ఎడమ చేత్తో. కుడి పిడికిట్లో చలి ఎముకల్లోకి ఎక్కుతోంది, అతను సెకన్లు లెక్కపెడుతున్నాడు. ఇరవై. ఇరవై ఐదు. వేళ్లు తనవి కానట్టయ్యాయి. నలభై. ఆ పిడికిట్లో ఉన్నదేమిటో అప్పుడు తెలిసింది. ఒక మనిషి పదేళ్లు. ఇప్పుడే, ఈ క్షణాన, చేయి తెరిస్తే ఆ ఒక్క గింజా బతుకుతుంది. అరవై. అతను తెరవలేదు. గడ్డ పూర్తిగా పోయిందని చర్మానికి తెలిశాక నేల మీదికి వంగాడు.

"ఇదో తమ్ముడూ. ఈడ దొర్లింది."

మునికుమార్ ఐదింటినీ డబ్బాలో పడేసి నైట్రోజన్‌లోకి దించాడు. ద్రవం సలసలమంది. నెమ్మదిగా చల్లారిస్తేనే ప్రాణం నిలుస్తుంది. ఇలా ఒక్కసారిగా గడ్డకడితే మంచు సూదులై లోపలి పోగులన్నిటినీ పొడిచేస్తుందని వరదయ్య చెప్పాడు. తెరిచిన సంగతి మునికుమార్ ఎవరికీ చెప్పడు. చెబితే చచ్చేది అతనే.

బండి వెళ్లిపోయింది. ఆవు అరుస్తూనే ఉంది. ఆదిలక్ష్మమ్మ దయానంద్ వైపు తిరిగి, మళ్లీ ఎద ఎప్పుడొస్తుందని అడిగింది. ఇరవై ఒక్క రోజులన్నాడు. అన్ని రోజులూ దానికి మేత ఎవరు పెడతారని ఆమె అడగలేదు, అతనూ అడగలేదు.

తడలో జాతీయ రహదారి పక్కన టీ బంకు. నాలుగుకు ఐదు నిమిషాలు. దయానంద్ ఇప్పుడు ఖాకీ చొక్కా వేసుకున్న లారీ క్లీనరు. ఎదురుగా వెనక తలుపులు తెరిచిన వ్యాన్. లినెన్ చొక్కా విదేశీయుడొకడు, నీలం చీరలో మోహన. మునికుమార్ క్యాన్ దించి, చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నిలబడ్డాడు.

మోహన పట్టకారుతో ఒక వయల్ పైకి తీసి వెలుగుకు పట్టింది.

అప్పుడు గుర్తొచ్చింది దయానంద్‌కు. నిలబెట్టి గడ్డకట్టించిన వయల్‌లో మంచు పైభాగం సమంగా ఉంటుంది. కరిగి, పక్కకు పడిపోయి, మళ్లీ గడ్డకడితే ఏటవాలుగా ఉంటుంది. విదేశీయుడికి అది తెలియకపోవచ్చు. పంకజాక్షి చెప్పినట్టు ఆ ఐదు వయల్స్‌నూ నింపి, నిలబెట్టి, చల్లార్చింది మోహన. ఇంజెక్షన్ లెక్క, ఎండ లెక్క, అరుగు లెక్క అన్నీ చూసుకున్నాడు. చివర చూసే కళ్లు ఎవరివో ఒక్కటే చూసుకోలేదు.

ఆమె ఆ వయల్‌ను రెండు సెకన్లు ఎక్కువ చూసింది. దించింది. "పర్ఫెక్ట్," అంది విదేశీయుడితో. నీళ్ల సీసా కొంటానని చెప్పి బంకు దగ్గరికి వచ్చింది. అతని పక్కనే నిలబడి, రోడ్డు వైపు చూస్తూ మాట్లాడింది.

"వంకరగా గడ్డకట్టింది దయా."

అతను జేబులోంచి చిల్లర తీశాడు.

"వాళ్లకు ఎప్పుడు తెలస్తాది?"

"తొమ్మిది రోజులు. పది కావచ్చు."

"ఇంగోటి యాడైనా దాచిపెట్టింటాది మేడమ్. అది బతికుండాదా?"

"తెలియదు."

ఆమె నవ్వింది. "తెలీకుండానే దీన్ని చంపినావా."

గడియ పెట్టింది నువ్వేనా అని అడిగాడు. ఇన్ని రోజులూ అడగనిది ఇప్పుడెందుకు అడుగుతున్నాడో అతనికి స్పష్టంగానే తెలుసు. అవునంటే తన పని తేలికవుతుంది. ఆమెకూ ఆ సంగతి తెలిసినట్టుంది.

"ఏది నమ్మితే నీకు సుళువో అదే అనుకో."

బంకతను గ్లాసులు కడుగుతూ తల ఎత్తాడు. "ఏం గావాలన్నా? నన్నారి సల్లగా ఉండాది."

లారీ ఇంజను నడుస్తూనే ఉంది. ఇద్దరు మనుషులు, తెరిచిన తలుపు, ఇరవై అడుగులు. మోహన కదలకుండా నిలబడింది. ఆమెకూ ఆ సంకేతం తెలుసు. అడగాల్సింది ఆమె కాదు, అతను. నన్నారి అంటే ఆమె బతుకుతుంది, రింగ్ వెనక్కి తిరుగుతుంది, పది రోజుల్లో ఎవరో ఒకరు సత్యవేడులో ఏకాంబరం అటక ఎక్కుతారు. అతను తన లోపలికి తొంగి చూశాడు, ఏదైనా అడ్డుపడుతుందేమోనని. ఏదీ పడలేదు. అదొక్కటే అతన్ని కాస్త భయపెట్టింది.

"టీ," అన్నాడు.

మోహన నీళ్ల సీసా తీసుకుంది. మూత తీసి ఒక గుక్క తాగింది. "చక్కెర రవ్వంత తక్కువ వెయ్యన్నా ఆయనకి," అని బంకతనికి చెప్పి వెళ్లి వ్యాన్ ఎక్కింది. వ్యాన్ చెన్నై వైపు వెళ్లిపోయింది. టీ వచ్చింది. అతను మొత్తం తాగాడు.

పదో రోజు ఉదయం ఏకాంబరం ఫోన్ చేశాడు. సీసాలో జొన్న గింజల మధ్య తెల్లటి పోగు కనిపించిందన్నాడు. వెంట్రుకకన్నా సన్నం, కానీ పాకుతోంది. దయానంద్ మంచం మీద కూర్చుండిపోయాడు.

"ఆ యమ్మ పోయిందని పేపర్లో సూసినా," అన్నాడు ఏకాంబరం. "నా కాడికి వచ్చినప్పుడే తెలుసు గదా నీకు. చెప్పుంటే ఏడ్చి, ఆ తర్వాతైనా తెరిచుందును. కల్చర్ కావాలంటే ఇంగెవురినన్నా పంపించప్పా. నువ్వు మాత్రం నా గడప తొక్కద్దు."

ఇరవయ్యో రోజు చీఫ్ తిరుపతి వచ్చాడు. మోహన వార్త తెచ్చాడు. యూరప్‌లో ఒక హోటల్ గదిలో శవం. గ్లాస్‌హౌస్ తనలోనే ఇంకో ఇద్దరిని కూడా తీసేసి వేసవి-7 ఫైలు మూసేసింది. అంతా అనుకున్నట్టే. ఆయన దయానంద్ రిపోర్టు చదివాడు, ముఖ్యంగా ఎండిన చీలిక భాగం. ఆయనకు అది బాగా నచ్చింది.

"మనుషుల్ని కూడా ఇలా ఎండబెట్టి దాచుకుని, కావాల్సినప్పుడు లేపుకునే వీలుంటే ఎంత బాగుండేది దయానంద్."

"మీరు దాచుతూనే ఉన్నారు సార్," అన్నాడు దయానంద్. "లేపడం ఒక్కటే నేర్చుకోలేదు."